కోవిడ్ పరిశోధన పత్రాల అంకెతో పాటు ఏం లెక్కపెట్టారో కూడా అచ్చువేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఫలానా ఆసుపత్రి కోవిడ్ మీద ఇన్ని వందల పరిశోధన పత్రాలు ప్రచురించింది, వాటికి ఇన్ని వేల సైటేషన్లు (ఇతర పత్రాల్లో ఉదహరింపులు) వచ్చాయి, కాబట్టి ఇన్నో స్థానంలో నిలిచింది అనే వార్తలు పత్రికల్లో అప్పుడప్పుడు కనబడుతున్నాయి. వీటి వెనక ఉండేది బిబ్లియోమెట్రిక్ అనాలిసిస్. ఒక సంస్థ నుంచి ఒక విషయం మీద వచ్చిన పత్రాలన్నిటినీ డేటాబేస్‌ల నుంచి బయటికి తీసి, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ జర్నల్‌లో వచ్చింది, తర్వాత రాసినవాళ్లు ఎంతమంది దాన్ని ఉదహరించారు అని లెక్కగట్టే పని అది. నేను వైద్య గ్రంథాలయంలో పనిచేస్తాను. డాక్టర్లకు ఇలాంటి వెతుకులాట చేసిపెట్టడం నా ఉద్యోగంలో భాగం, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పనిని నేను తక్కువ చేయడం లేదు, ఓపిగ్గా చేస్తే దాంతో చాలా తెలుస్తుంది. కానీ అంకె ఒక్కటే అచ్చువేసి, అది ఎలా వచ్చిందో రాయకుండా వదిలేస్తే చదివేవాళ్లు దాన్ని ఆసుపత్రి వైద్యానికి వచ్చిన మార్కులు అనుకుంటారు. అది మార్కులు కాదు.

ముందు ఆసుపత్రి పేరు సంగతి. బయటివాళ్లకు ఇదో చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ మా పనిలో సగం టెన్షన్ ఇక్కడే. ఒకే ఆసుపత్రిలో పక్కపక్క గదుల్లో కూర్చునే డాక్టర్లు కూడా పత్రం మీద తమ సంస్థ పేరు తలా ఒక రకంగా రాస్తారు, ఒకరు ఆసుపత్రి పేరు రాస్తే ఇంకొకరు దానికి అనుబంధంగా ఉన్న మెడికల్ కాలేజీ పేరు రాస్తారు, మరొకరు యూనివర్సిటీ పేరుతో సరిపెడతారు, కొందరు పొడి అక్షరాలు వేసి ఊరుకుంటారు. పైగా ఒకే పేరున్న ఆసుపత్రులు వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో కూడా ఉంటాయి, వాళ్ల పత్రాలు వచ్చి వీళ్ల ఖాతాలో పడతాయి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లాంటి డేటాబేస్‌లు ఒక సంస్థకున్న రకరకాల పేర్లను ఒకే గుర్తింపు కిందకు చేర్చడానికి కష్టపడుతున్నాయి, 2019లో మొదలైన రోర్ అనే రిజిస్ట్రీ పుట్టిందే అందుకు. అయినా తప్పిపోయేవి తప్పిపోతూనే ఉన్నాయి. ఒక్కో పత్రం తెరిచి, సంస్థల పేర్లు చదివి, ఇది మనదే, ఇది కాదు అని తేల్చేవాళ్లు ఉంటే తప్ప ఆ మొత్తాన్ని నమ్మలేం.

జబ్బు పేరుతోనూ ఇదే చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19 అనే పేరు ప్రకటించింది 2020 ఫిబ్రవరి 11న. అంతకుముందు రాసినవాళ్లకు ఆ పేరు తెలిసే అవకాశమే లేదు. వూహాన్‌లోని జిన్‌యింతాన్ ఆసుపత్రిలో చేరిన 41 మంది రోగుల గురించి లాన్సెట్‌లో జనవరి 24న వచ్చిన పత్రం ఈ జబ్బు మీద అందరికన్నా ఎక్కువగా ఉదహరించిన వాటిలో ఒకటి, దాని శీర్షికలో కోవిడ్ అన్న మాట లేదు, 2019 నాటి కొత్త కరోనావైరస్ అని ఉంటుంది. శీర్షికల్లో కోవిడ్ అని మాత్రమే కొట్టి వెతికితే ఆ తొలి రోజుల పని, అసలు ఏం జరుగుతోందో ఎవరికీ తెలియని రోజుల్లో వార్డులో నిలబడి రాసిన పని, లెక్కలోకి రాకుండా పోతుంది. దీనికి తిరగేసిన సమస్య తర్వాతి సంవత్సరాలది. కీళ్ల ఆపరేషన్ల మీదో కంటి జబ్బుల మీదో రాసిన పత్రంలో 'కోవిడ్ వల్ల రోగులు తక్కువగా వచ్చారు' అని సారాంశంలో ఒక ముక్క ఉంటే చాలు, వెతుకులాటలో అదీ కోవిడ్ పరిశోధనగా తేలుతుంది. సారాంశాల్లో వెతికినప్పుడు వచ్చే సంఖ్యకూ శీర్షికల్లో మాత్రమే వెతికినప్పుడు వచ్చే సంఖ్యకూ ఎక్కడా పొంతన ఉండదు. రెండూ అబద్ధం కాదు, కానీ వార్తలో వేసింది ఏదో పాఠకుడికి తెలియాలి కదా.

ఏ డేటాబేస్ అన్నదీ అంతే. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ, నిపుణులు సరిచూడకముందే నెట్‌లో పెట్టే ప్రీప్రింట్లనూ కూడా కలుపుకుంటుంది కాబట్టి అక్కడ సైటేషన్లు మామూలుగా స్కోపస్ కన్నా ఎక్కువ కనిపిస్తాయి. మెడ్‌ఆర్కైవ్ లాంటి చోట ముందు ప్రీప్రింట్‌గా పెట్టి, తర్వాత జర్నల్‌లో వేసిన పత్రం జాగ్రత్తపడకపోతే రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ఇక పత్రం అంటే ఏమిటన్నది. ఆరు నెలలు రోగులను వెంటాడి చూసి రాసిన అధ్యయనమూ పత్రమే, ఒక రోగి గురించి రాసిన కేస్ రిపోర్టూ పత్రమే, ఇంకొకరి పత్రం మీద అభిప్రాయం చెబుతూ జర్నల్‌కు రాసిన అర పేజీ ఉత్తరమూ పత్రమే. లెక్కలో మూడింటికీ ఒక్కొక్కటే. అలాగని ఉత్తరాలనూ కేస్ రిపోర్టులనూ తీసిపారేయమని నేను అనను. కొత్త జబ్బు వచ్చినప్పుడు మొదటి హెచ్చరిక వచ్చేది వాటిల్లోనే, వాసన తెలియడం లేదనో, రక్తం గడ్డలు కడుతోందనో ఎక్కడో ఒక డాక్టర్ గమనించి నాలుగు మాటలు రాస్తే దాంతో మరో చోట ప్రాణాలు నిలిచే వీలుంటుంది. వాటిని విడిగా చూపించమని మాత్రమే నా మాట. మొత్తంలో సగం ఉత్తరాలూ సంపాదకీయాలూ అయితే ఆ విషయం వార్తలో ఉండాలి.

సైటేషన్ల దగ్గరికి వస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఎక్కువమంది ఉదహరించారంటే ఎక్కువమంది ఒప్పుకున్నారని జనం అనుకుంటారు. 2020 మార్చిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ఒక ఆసుపత్రి పరిశోధన సంస్థ నుంచి మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కోవిడ్‌కు పనిచేస్తుందని చెబుతూ ఒక పత్రం వచ్చింది. ఫలితాల్లో చూపించింది 36 మంది రోగులను. జర్నల్‌కు పంపిన మర్నాడే ఆమోదం దొరికింది. ప్రపంచమంతా ఆ మాత్రల కోసం ఎగబడడానికి అది ఒక కారణం. ఆ పత్రాన్ని మూడు వేలకు పైగా పత్రాలు ఉదహరించాయి, అందులో దాన్ని తప్పుబట్టినవి, దాని లెక్కలను విప్పి చూపినవి ఎన్నో ఉన్నాయి. మంచిగా చెప్పినా చెడుగా చెప్పినా డేటాబేస్‌కు ఒకటే, రెండూ సైటేషన్లే. చివరికి 2024 డిసెంబరులో జర్నల్ ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది, అంటే నాలుగేళ్లకు పైగా అది ఆ సంస్థ పేరు మీద ఘనతగానే లెక్కల్లో నిలబడి ఉంది.

సర్జిస్పియర్ వ్యవహారం ఇంకా ఘోరం. సర్జిస్పియర్ అనే కంపెనీ ఇచ్చిన డేటాతో 2020 మే 22న లాన్సెట్‌లో వచ్చిన పత్రం 671 ఆసుపత్రుల్లో 96 వేల మంది రోగుల వివరాలు చూశామని చెప్పింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసినవాళ్లలో మరణాలు ఎక్కువన్నారు, దాంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు రోజుల్లో వివిధ దేశాల్లో కోవిడ్ మందులను పరీక్షిస్తున్న తన సాలిడారిటీ ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని ఆపేసింది. అసలు డేటా చూపించమంటే ఆ కంపెనీ చూపించలేదు. జూన్ 4న లాన్సెట్ పత్రమూ, అదే కంపెనీ డేటాతో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఇంకో పత్రమూ ఒకే రోజు వెనక్కిపోయాయి. వెనక్కి తీసుకున్న తర్వాత కూడా ఆ సంగతి పట్టించుకోకుండా వాటిని ఉదహరించినవాళ్లు ఉన్నారు. కాబట్టి ఏ ఆసుపత్రి లెక్క అయినా సరే, అందులో వెనక్కి తీసుకున్న పత్రాలు ఎన్ని అని అడగకుండా సైటేషన్ల మొత్తం రాయడం పాఠకులకు అన్యాయం. ఇది చూడడం కష్టమూ కాదు. వెనక్కి తీసుకున్న పత్రాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ వాళ్ల డేటాబేస్‌ను 2023లో క్రాస్‌రెఫ్ అనే సంస్థ తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది, పత్రాల డీఓఐ నంబర్లు (ఒక్కో పత్రానికి ఉండే గుర్తింపు నంబరు) చేతిలో ఉంటే పెద్ద జాబితానైనా తక్కువ సమయంలోనే సరిచూసుకోవచ్చు.

ఒకే రోగులు అనేక పత్రాల్లో కనిపించడం ఇంకో సమస్య. అదే ఆసుపత్రిలో అవే నెలల్లో చేరినవాళ్ల గురించి గుండె విభాగం ఒకటి, మూత్రపిండాల విభాగం ఒకటి, రక్త పరీక్షల ప్రయోగశాల ఒకటి రాస్తాయి, ప్రతిదాంట్లో రోగులు కొత్తవాళ్లే అన్నట్టు ఉంటుంది. 2020 మార్చిలోనే జామా జర్నల్ సంపాదకులు దీని మీద ఆందోళన చెబుతూ రాశారు. ఇతరులు ఆ పత్రాలన్నిటినీ కూడి ఒక నిర్ణయానికి రావాలనుకున్నప్పుడు వందమంది రోగులు మూడొందలమందిలా కనబడతారు, మందు మోతాదు దగ్గర్నుంచి మరణాల శాతం దాకా అంతా దెబ్బతింటుంది. పత్రాల లెక్కలో మాత్రం అది మూడు రెట్ల ఘనత.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే మాటకు వస్తాను. బ్రిటన్‌లో ఏ మందు కోవిడ్‌కు పనిచేస్తుందో తేల్చడానికి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపిన రికవరీ ట్రయల్ గురించి చాలామంది వినే ఉంటారు. 2020 మార్చిలో రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టి జూన్ 16 నాటికి డెక్సామెథాసోన్ ఫలితం ప్రకటించారు. చౌకగా దొరికే పాత స్టెరాయిడ్, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించింది, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు కొంత మేలు చేసింది, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు చేయలేదు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో రెండూ ఒకేసారి తెలిశాయి. ఇందులో 170కి పైగా ఆసుపత్రి సంస్థలు పాలుపంచుకున్నాయి. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సులూ జూనియర్ డాక్టర్లూ, పీపీఈ కిట్లలో ఊపిరాడక నిలబడి, రోగికి విషయం చెప్పి, అనుమతి తీసుకుని, ఫారం నింపారు. ఆ ఫలితం జర్నల్‌లో వచ్చినప్పుడు రచయితగా ఉన్నది రికవరీ కొలాబరేటివ్ గ్రూప్ అనే సమష్టి పేరు, పనిచేసినవాళ్ల పేర్లు వేలల్లో అనుబంధంలోకి వెళ్లాయి. ఇలా అనుబంధంలో ఉన్నవాళ్ల ఆసుపత్రులు మామూలు బిబ్లియోమెట్రిక్ లెక్కల్లో చాలాసార్లు కనబడవు. కనబడినా, వందలమంది రోగులను చేర్చిన ఆసుపత్రికి దక్కేది ఒక పత్రం. అదే సమయంలో ఆ ట్రయల్‌కు దూరంగా ఉండి, తన దగ్గరున్న కొద్దిమంది రోగులకు తోచిన మందు తోచినట్టు వేసి, ఒక్కో మందు మీద ఒక్కో చిన్న పత్రం రాసిన ఆసుపత్రి ఏదైనా ఉంటే దాని ఖాతాలో పది పడతాయి. జబ్బుకు మందేదో తేల్చిందెవరు? పట్టికలో పైన కూర్చున్నదెవరు?

మన దేశంలోనూ దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. ప్లాస్మా చికిత్స కోసం జనం పరుగులు పెట్టిన రోజుల్లో భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రుల్లో 464 మందితో ప్లాసిడ్ ట్రయల్ నడిపించింది. ప్లాస్మా ఇచ్చినా జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదని తేలింది, 2020 అక్టోబరులో బీఎంజే జర్నల్‌లో వచ్చింది, 2021 మేలో ప్లాస్మాను జాతీయ చికిత్సా మార్గదర్శకాల నుంచి తీసేశారు. పని చేయని దాన్ని పని చేయదని గట్టిగా చెప్పడం ఎంత పెద్ద సేవో ఆ రోజుల్లో దాత కోసం ఫోన్లు చేసి అలసిపోయిన కుటుంబాలకు తెలుసు. 39 ఆసుపత్రులు కలిసి చేసిన ఆ పని మొత్తానికి సంఖ్యల్లో దక్కేది ఒక్క పత్రం.

ఆ ఒక్కటైనా ఎలా పంచుతారన్నది మళ్లీ వేరే గొడవ. పది ఆసుపత్రులు కలిసి రాసిన పత్రాన్ని ఒక్కొక్కరికి ఒకటిగా వేస్తే పది ఆసుపత్రులూ తలా ఒకటి రాసినట్టు అవుతుంది, పదో వంతు చొప్పున పంచితే ఇంకో రకం వరుస వస్తుంది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, ఏది వాడారో రాసే వార్త నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి కూడా ఒక మాట. 'ఈ ఆసుపత్రి పత్రాలు వచ్చిన జర్నళ్ల సగటు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇంత' అని వేస్తుంటారు. అది జర్నల్‌లో వచ్చిన పత్రాలను సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె, జర్నల్‌కు సంబంధించిన సగటు, అందులోని ఒక్కో పత్రానికి సంబంధించింది కాదు. లాన్సెట్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2020లో 79 చిల్లర, 2021లో 202 దాటింది. ఒక్క ఏడాదిలో ఆ జర్నల్ రెండున్నర రెట్లు మెరుగైపోలేదు, కోవిడ్ పత్రాలను అందరూ ఉదహరించడంతో సగటు ఎగిసింది, తర్వాత మళ్లీ దిగింది. అలాంటి రోజుల్లో ఒక ఉత్తరం అచ్చయిన ఆసుపత్రికి ఆ 202 అంటగడితే దానికి తాడూ బొంగరం లేదు. జర్నల్ అంకెతో పరిశోధకుడిని తూకం వేయొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన చెప్పింది, 2015లో నేచర్‌లో వచ్చిన లైడెన్ మేనిఫెస్టో కూడా అంకెలు నిపుణుల అంచనాకు తోడుగా ఉండాలి తప్ప దాని స్థానంలోకి రాకూడదని చెప్పింది. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఇవి తెలుసు. పత్రికల దాకా వచ్చేసరికి అంకె మిగులుతుంది, హెచ్చరిక మిగలదు.

దీని వల్ల నష్టపోయేది ముఖ్యంగా కుర్ర డాక్టర్లు. ప్రమోషన్‌కు పత్రాలు కావాలి, ర్యాంకింగ్‌కు పత్రాలు కావాలి, పై నుంచి 'మన సంఖ్య ఎంత' అని అడుగుతుంటే వాళ్లు ఏం చేస్తారు? జవాబు దొరకడానికి రెండేళ్లు పట్టే ప్రశ్నను పక్కనపెట్టి, రెండు నెలల్లో అయిపోయే దాన్ని ఎత్తుకుంటారు. ఒక అధ్యయనాన్ని మూడు ముక్కలు చేసి మూడు జర్నళ్లకు పంపుతారు. వాళ్లలో నిజంగా మంచి ప్రశ్న అడిగినవాళ్లను నేను ఎరుగుదును, 'సార్, ఇది చేయాలని ఉంది కానీ టైమ్ పడుతుంది' అని ఆగిపోయినవాళ్లను కూడా ఎరుగుదును. పత్రికల్లో పెద్ద అంకెకు పెద్ద శీర్షిక దొరికిన ప్రతిసారీ ఆ ఒత్తిడి ఇంకాస్త పెరుగుతుంది.

అయితే ఈ విశ్లేషణ ఎందుకు పనికొస్తుందని మీరు అడగవచ్చు. చాలా వాటికి పనికొస్తుంది, ఆసుపత్రి తనను తాను చూసుకోవడానికైతే ఇంతకన్నా మంచి సాధనం నాకు తెలియదు. ఏ విభాగం రాసింది, ఏ విభాగం అసలు రాయలేదు అన్నది బయటపడుతుంది. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిబ్బంది పేర్లు రచయితల్లో ఒక్కటైనా ఉన్నాయా అన్నది కనబడుతుంది, మహమ్మారి భారమంతా మోసిన విభాగం పేరు పత్రాల్లో ఎక్కడా లేకపోతే దానికి చెయ్యి అందించాలని యాజమాన్యానికి తెలుస్తుంది. ఎవరితో కలిసి పనిచేశారన్నది తెలుస్తుంది, లైడెన్ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా ఇస్తున్న వీఓఎస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్‌లో డేటా ఎక్కిస్తే సహ రచయితల వల మొత్తం బొమ్మగా వస్తుంది, అందులో ఒక విభాగం ఎవరితోనూ కలవకుండా మూలన ఒంటరిగా ఉంటే ఎందుకో కనుక్కోవచ్చు. (ఆ బొమ్మ అందంగా ఉంటుంది, అందంగా ఉంది కదా అని వివరణ లేకుండా అచ్చువేయడం మాత్రం సరికాదు.)

ఇంకా ముఖ్యమైనది, ఏ ప్రశ్నలు అడగలేదన్నది తెలుస్తుంది. పత్రాలన్నీ ఆసుపత్రిలో చేరిన రోజుల గురించే ఉండి, డిశ్చార్జి అయిన తర్వాత ఏమైందో ఒక్కటీ లేకపోతే, లాంగ్ కోవిడ్‌తో నెలల తరబడి నీరసపడి ఉన్నవాళ్ల సంగతి ఆ ఆసుపత్రి పట్టించుకోలేదనో, పట్టించుకున్నా రాసిపెట్టలేదనో అర్థం. గర్భిణుల మీద, పిల్లల మీద, డయాలసిస్ రోగుల మీద ఏమీ లేకపోతే అదీ అంతే. 2020, 2021 తర్వాత పత్రాలు ఒక్కసారిగా ఆగిపోతే ఎందుకు ఆగాయో ఆలోచించుకోవాలి. తర్వాతి మహమ్మారి వచ్చినప్పుడు మొదటి వారంలోనే ట్రయల్‌లో చేరగలిగే ఏర్పాటు, అంటే ఎథిక్స్ కమిటీ త్వరగా కూర్చునే పద్ధతి, రోగుల రికార్డులు ఒకే తీరులో ఉంచుకోవడం, గణాంకాలు తెలిసిన మనిషి, ఇవి ఉన్నాయా లేవా అన్నది ఈ లెక్కలను ఓపిగ్గా చదివితే కొంత పట్టుబడుతుంది. ఆసుపత్రులు ఈ భాగాన్ని బయటపెట్టాలని నా కోరిక. ఎన్ని రాశామన్నది ఒక్క వాక్యంలో చెప్పి, ఏది రాయలేకపోయామో ఒక పేరా చెబితే ఆ ఆసుపత్రి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

మీ విలేకరులకు నా విన్నపం ఇది. ఇలాంటి నివేదిక చేతికొచ్చినప్పుడు ఏ డేటాబేస్‌లో, ఏ తేదీన, ఏ మాటలతో వెతికారో అడిగి ఒక్క వాక్యంలో వేయండి. అధ్యయనాలు ఎన్ని, ఉత్తరాలూ కేస్ రిపోర్టులూ ఎన్ని అని విడదీసి ఇమ్మనండి. వెనక్కి తీసుకున్నవి తొలగించారా అని అడగండి. పెద్ద ట్రయల్స్‌లో ఆ ఆసుపత్రి ఎంతమంది రోగులను చేర్చిందో అడగండి, ఆ అంకె పత్రాల సంఖ్య పక్కనే వేయండి, వీలైతే ముందే వేయండి. మొత్తం పత్రాల జాబితా ఎవరైనా తెరిచి చూసుకునేలా ఆసుపత్రి వెబ్‌సైట్‌లో పెట్టారా అన్నది తెలుసుకోండి, పెట్టకపోతే పెట్టేదాకా ఆ వార్త ఆపండి, ఒక వారం ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. సరిచూడడానికి సమయం లేదనుకుంటే మీకు దగ్గర్లో ఉన్న ఏ మెడికల్ కాలేజీ లైబ్రరీకైనా ఆ జాబితా పంపండి. మాకు ఇది రోజూ చేసే పనే, అడిగితే సంతోషంగా చేస్తాం.

ఇట్లు,
ఒక మెడికల్ లైబ్రేరియన్